ఎండాకాలంలో ఇల్లు చల్లగా ఉండాలంటే నీడ చెట్టు ఏ వైపు నాటాలి?

పడమర వైపు నాటండి, హైదరాబాద్ లాంటి చోట మొదటి నీడ చెట్టుకి అదే సరైన జాగా. ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండుకి సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి ఎండంతా స్లాబు మీదే పడుతుంది, అప్పుడు పక్కనున్న చెట్టు చేయగలిగేది తక్కువే. మూడు దాటాక మాత్రం సూర్యుడు కిందికి వాలి పడమటి గోడని నేరుగా కాలుస్తాడు, ఆ గోడ పట్టుకున్న వేడిని రాత్రి పొద్దుపోయేదాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది (పడమటి బెడ్‌రూంలో పడుకునేవాళ్లకి ఇది బాగా తెలుసు).

ఉదాహరణకి, పడమర 15 అడుగుల ఖాళీ ఉంటే కాంపౌండ్ గోడ వైపుగా వేపో కానుగో పెట్టుకోవచ్చు. నాలుగైదు అడుగులే ఉంటే పెద్ద చెట్టు జోలికి పోవద్దు, వేళ్లతో ఇబ్బంది. ఇంటి గోడకి అడుగు ఎడంగా ఇనుప జాలీ కట్టి రాధామనోహరం తీగ పాకించండి.

చాలామంది దక్షిణం గోడకే ఎండ ఎక్కువ అనుకుంటారు. అది చలికాలం సంగతి. మే రెండో వారం దాటాక జులై ఆఖరు దాకా హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, ఆ వేళ దక్షిణ గోడ మీద నేరుగా ఎండే పడదు.