5.4 ట్రైటన్ వేడెక్కాక టకటకమంటోంది: వీసీటీ సోలనాయిడ్లు మారిస్తే సరిపోతుందా?

మీరు రాసింది ఇదీ: 2006 ఫోర్డ్ ఎఫ్-150, 5.4 లీటర్ ట్రైటన్ ఇంజిన్, లక్షా ముప్పై వేల మైళ్లు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు చప్పుడు లేదు. అరగంట నడిపాక సిగ్నల్ దగ్గర ఆగితే డీజిల్ బండిలా టకటక. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, కోడ్ పీ0022. షాపువాళ్లు వీసీటీ సోలనాయిడ్లు (కామ్ టైమింగ్‌ని మార్చే ఆయిల్ వాల్వులు) మార్చేస్తే పోతుందన్నారు. ఆ పని ఇంట్లో చేసుకోవచ్చా అని మీ ప్రశ్న.

చేసుకోవచ్చు. కానీ కోడ్ ఒక జబ్బు, చప్పుడు ఇంకో జబ్బు అయ్యుండొచ్చు. సోలనాయిడ్ మారిస్తే కోడ్ పోయే అవకాశం బాగానే ఉంది. చప్పుడు కూడా పోతుందన్న ఆశతో మాత్రం డబ్బు పెట్టకండి.

ఈ ఇంజిన్‌లో ఒక్కో హెడ్‌కి, అంటే సిలిండర్ల మీది భాగానికి, వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్ట్ ఒక్కటే. దాని ముందు కొసన చైన్ తిప్పే పళ్ల చక్రంలోనే, వాల్వులు తెరుచుకునే సమయాన్ని ముందుకీ వెనక్కీ జరిపే ఫేజర్ ఉంటుంది. ఫేజర్‌ని అటూ ఇటూ తిప్పేది ఇంజిన్ ఆయిలే. ఆ ఆయిల్ ఏ గదిలోకి ఎంత పోవాలో సోలనాయిడ్ చూస్తుంది. అంటే అది కుళాయి లాంటిది. మీద ట్యాంకులో నీళ్లు లేనప్పుడు కుళాయి మార్చి లాభమేముంది? ఐడిల్‌లో, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, ఫేజర్‌ని కదలకుండా పట్టి ఉంచేది లోపలున్న చిన్న లాక్ పిన్. ఆ పిన్ కూర్చునే రంధ్రం అరిగి, పైగా వేడికి ఆయిల్ పలచబడి ప్రెషర్ పడిపోతే, ఫేజర్ ఉన్నచోటే కొట్టుకుంటుంది. మీకు వినిపించేది చాలావరకు అదే. 1,200 ఆర్‌పీఎం దాటించి చూడండి. ప్రెషర్ పెరిగి చప్పుడు ఆగి, మళ్లీ ఐడిల్‌కి రాగానే మొదలైతే అనుమానం ఫేజర్ల మీదకే పోవాలి.

దీన్ని పోలిన చప్పుళ్లు ఇంకా ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్‌మని, వేడెక్కాక తగ్గిపోతే అది చాలావరకు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగని సిలిండర్ల నుంచి బయటికి పంపే గొట్టాల భాగం) లీకు. ఈ ఇంజిన్‌లో మానిఫోల్డ్ స్టడ్‌లు, అందులోనూ వెనకవి, తుప్పు పట్టి విరగడం మామూలే. మీది తిరగబడిన వరస కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు.

ఇక స్పానర్ పట్టుకోక ముందు చేయాల్సినవి రెండు.

మొదటిది, ఇంజిన్ బాగా వేడెక్కి చప్పుడు వస్తుండగా, వాల్వ్ కవర్ (హెడ్ మీది మూత) ముందు భాగం నుంచి పైకి కనిపించే సోలనాయిడ్ కనెక్టర్ ఊడదీయండి. ముందు డ్రైవర్ వైపుది. పీ0022 అంటే బ్యాంక్ 2, అంటే డ్రైవర్ వైపు కామ్ రావలసిన చోటికి రాకుండా వెనకబడి ఉందని. కరెంటు తీసేస్తే ఫేజర్ దాని మామూలు స్థానానికి వెళ్లాలి. అప్పుడు ఐడిల్ నిలకడకి వస్తే అనుమానం సోలనాయిడ్ మీదకి పోవాలి. తీసినా పెట్టినా టకటకలో తేడా లేకపోతే అరిగింది ఫేజర్ అయ్యుండొచ్చు. కనెక్టర్ తీసినందుకు ఇంకో కోడ్ వస్తుంది, కంగారు పడకుండా తర్వాత చెరిపేయండి.

రెండోది ఆయిల్ ప్రెషర్. డాష్‌బోర్డ్ మీద ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది కదా అనుకోవద్దు. ఆ ముల్లు వెనకున్నది మీటరు కాదు, ఒట్టి స్విచ్. ప్రెషర్ సుమారు 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటితే చాలు, అది మధ్యకొచ్చి కూర్చుంటుంది. ఆయిల్ ఫిల్టర్ అడాప్టర్ మీదున్న సెండర్ విప్పి, ఆ మరలోకి మెకానికల్ గేజ్ బిగించి, వేడి ఐడిల్‌లో చదవండి. అమెరికాలో విడిభాగాల దుకాణాలు చాలావరకు ఈ గేజ్ అరువిస్తాయి. 25 పీఎస్ఐకి తగ్గితే సోలనాయిడ్ల మీద ఖర్చు పెట్టడం నా దృష్టిలో దండగ. అలాంటప్పుడు ఎక్కువగా దొరికే దొంగ, చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్. దాని బాడీ ప్లాస్టిక్‌ది, వెనకున్న సీల్ చిట్లితే ఆయిల్ హెడ్‌కి ఎక్కకుండా అక్కడే కారిపోతుంది.

ప్రెషర్ బాగుంది, కోడ్ ఉంది అంటే సోలనాయిడ్లు మార్చడంలో అర్థముంది. రెండూ ఒకేసారి మార్చండి. అటుదిటూ ఇటుదటూ వేసి పరీక్షిద్దామంటే రెండు కవర్లూ విప్పాలి, అంత పని పెట్టుకున్నాక పాతవి తిరిగి వేయడమెందుకు? ఫోర్డ్ సొంత విడిభాగాల బ్రాండ్ మోటర్‌క్రాఫ్ట్ మార్చి తెచ్చిన భాగం నంబర్ 8ఎల్3జడ్-6ఎం280-బి. సగం ధరకి ఆన్‌లైన్‌లో దొరికే పేరులేని రకాల జోలికి పోవద్దు, కొద్ది నెలల్లో అదే కోడ్ తిరిగి రావొచ్చు. వీటితోపాటు కవర్‌లోంచి సోలనాయిడ్ బయటికొచ్చే చోట పెట్టే సీళ్లు రెండు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్లు రెండు వైపులకీ, ఒక ట్యూబ్ ఇంజిన్ సిలికాన్ (అతుకుల్లో లీకు ఆపే పేస్టు), ఎఫ్ఎల్-820ఎస్ ఆయిల్ ఫిల్టర్, 7 క్వార్టుల 5డబ్ల్యూ-20 ఆయిల్ తెచ్చిపెట్టుకోండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఎయిర్ ఇన్‌టేక్ గొట్టం తీసి, ఇంజిన్ వైపు తెరుచుకున్న నోటికి గుడ్డ కట్టండి. ఒక్కో వైపు స్పార్క్ ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్స్ నాలుగు, వాటికి 7 మిల్లీమీటర్ల బోల్టులు. పదహారేళ్లు దాటిన బండిలో కనెక్టర్ల క్లిప్పులు వేడికి పెళుసెక్కి ఉంటాయి, లాగకుండా నొక్కి తీయండి. కాయిల్స్ తీసే ముందు గుంతల్లో మట్టి, నీళ్లు ఉంటే గాలితో ఊదేయండి. ప్లగ్గుల్ని మాత్రం ముట్టుకోవద్దు. ఈ ఇంజిన్ పాత ప్లగ్గులు రెండు ముక్కలుగా విరిగి కింది భాగం హెడ్‌లోనే ఉండిపోతుంది. ఆ తలనొప్పి ఈ పనితో కలపకండి.

వైరింగ్‌ని కవర్ మీది క్లిప్పుల నుంచి విడిపించి పక్కకి జరపండి. కవర్ బోల్టులు కవర్‌లోనే ఉండిపోయే రకం, బయటికి రావు. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గరున్న వెనక బోల్టులకి పొడుగు ఎక్స్‌టెన్షన్, మడిచే జాయింట్ ఉండాలి. సగం సమయం వీటికే పోతుంది. కవర్‌ని సోలనాయిడ్ తల మీదుగా నిటారుగా ఎత్తండి, పక్కకి వంచి లాగితే సోలనాయిడ్ కనెక్టర్ విరుగుతుంది.

తెరవగానే ముందు భాగంలో చైన్ దిగే సందుని శుభ్రమైన గుడ్డతో మూసేయండి. అందులో బోల్టు పడితే టైమింగ్ కవర్ విప్పడమే గతి. సోలనాయిడ్ తీసి దాని జల్లెడలు చూడండి. మడ్డి పట్టి ఉంటే ఆయిల్ మార్చడంలో ఆలస్యం జరిగిందని తెలుస్తుంది. మెరిసే రజను ఉంటే బేరింగో ఫేజరో అరుగుతోంది. చైన్‌ని వేలితో నొక్కి, చైన్ ఆనుకుని జారే ప్లాస్టిక్ గైడ్ పగిలిందేమో టార్చ్ వేసి చూడండి. కవర్ తీసినప్పుడు తప్ప ఇది కనిపించదు.

కొత్తదాని ఓ-రింగులకి ఆయిల్ రాసి, చేత్తో నిటారుగా దింపి, బోల్టుని 10 న్యూటన్ మీటర్లకి బిగించండి. అంటే 89 అంగుళం-పౌండ్లు, అడుగు-పౌండ్లు కాదు! అల్యూమినియం హెడ్ కాబట్టి ఎక్కువ బిగిస్తే మర పోతుంది. కవర్ బోల్టులకీ అదే లెక్క. కవర్ పెట్టే ముందు టైమింగ్ కవర్, హెడ్ కలిసే రెండు చోట్లా సిలికాన్ చుక్క పెట్టి, నాలుగు నిమిషాల్లో కవర్ దింపేయాలి. ఆలస్యమైతే తుడిచి మళ్లీ పెట్టండి. పాత సీల్‌నే వాడితే ఆయిల్ కనెక్టర్‌లోకి చెమ్మగిల్లి, అక్కడి నుంచి వైరు వెంట పోతుంది. నెల తర్వాత వచ్చే కొత్త కోడ్‌కి చాలాసార్లు కారణం అదే.

ఇది చేశాక కూడా వేడి ఐడిల్‌లో టకటక మిగిలితే ఫేజర్లు, చైన్లు, గైడ్లు, టెన్షనర్లు అన్నీ కలిపి ఒకే పని. అందులో ఒకటి మార్చి ఒకటి వదిలేయడం కుదరదు. టెన్షనర్లు ఇనుప బాడీవి వేయించండి, ఆయిల్ పంప్ ఎక్కువ పరిమాణం ఇచ్చే మెల్లింగ్ కంపెనీది పెట్టించండి. ఫేజర్ బోల్టు ఒక్కసారి వాడే రకం: 40 న్యూటన్ మీటర్లకి బిగించి, ఆ మీద 90 డిగ్రీలు తిప్పాలి. పాత బోల్టే మళ్లీ వేస్తామనే మెకానిక్‌కి బండి ఇవ్వకండి. గైడ్ ముక్కలు విరిగి ఉంటే సంప్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి, పంప్ ఆయిల్ పీల్చుకునే పికప్ జాలీ కూడా శుభ్రం చేయించాలి, లేకపోతే కొత్త పంప్‌కీ ఆయిల్ అందదు.