రెజ్యూమెలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, డిక్లరేషన్ తప్పనిసరిగా రాయాలా?

అక్కర్లేదు, ప్రైవేట్ ఉద్యోగానికి పంపే రెజ్యూమెలో ఇవేవీ రాయనవసరం లేదు. మొదటి వడపోతలో చూసేది ఒక్కటే: ఈ పని ఈ మనిషికి వచ్చా, రాదా? తండ్రి పేరు, పెళ్లయిందా లేదా అన్నవి దానికి జవాబు చెప్పవు. ఆధార్, పాన్, సర్టిఫికెట్లు ఎలాగూ ఎంపికయ్యాక అడుగుతారు.

ఉదాహరణకు, అకౌంట్స్ ఉద్యోగం వెతుకుతున్న బీకాం ఫ్రెషర్ ఈ వివరాలకు పోయే నాలుగు లైన్ల చోటులో ఇలా రాయొచ్చు: "ఆరు నెలలు ఒక హోల్‌సేల్ షాపులో ట్యాలీలో నెలకు సుమారు 200 బిల్లులు ఎక్కించాను, జీఎస్టీఆర్-1కు అమ్మకాల లెక్కలు సిద్ధం చేశాను." (ట్యాలీ అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, జీఎస్టీఆర్-1 అంటే అమ్మకాల వివరాలతో వేసే జీఎస్టీ రిటర్ను.) "కష్టపడి పనిచేస్తాను" అనే మాట కన్నా ఈ ఒక్క వాక్యానికే విలువెక్కువ. నిజంగా చేసిన పనే రాయాలి సుమా.

"పైన రాసినవన్నీ నిజమని ప్రమాణీకరిస్తున్నాను" అని సంతకం పెడితేనే రెజ్యూమె చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. అలాంటి నియమం లేదు. అబద్ధం బయటపడితే డిక్లరేషన్ ఉన్నా లేకపోయినా ఉద్యోగం పోవచ్చు. ఇలా డిక్లరేషన్ రాయడం ప్రభుత్వ దరఖాస్తుల్లో కనిపించే పద్ధతి. అక్కడ మాత్రం ఫారంలో అడిగినవన్నీ నింపాల్సిందే.