యాభై దగ్గరపడ్డాక బుట్టచేతుల జాకెట్టు వేసుకోవచ్చా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: వయసు నలభై ఎనిమిది, భీమవరంలో ఉద్యోగం, కాలేజీ రోజుల్లో వేసుకున్న బుట్టచేతుల జాకెట్టూ లంగా ఓణీ మళ్ళీ వేసుకోవాలని ఉంది, కాని చూసినవాళ్ళు "ఈ వయసులో ఇదేం సరదా" అంటారేమోనని వెనకాడుతున్నారు. నేను మీకంటే ఏడేళ్ళు పెద్దదాన్ని, కోనసీమలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుకుంటున్నాను. రెండేళ్ళ కిందట ఇదే సరదా నాకూ పుట్టింది. ఒకసారి తప్పుగానూ ఒకసారి సరిగానూ తీర్చుకున్నాను కనుక రెండూ రాస్తున్నాను.

1987 నుంచి మూడేళ్ళు నేను సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్నీ సైకిళ్ళనూ దాటించే పెద్ద పడవ) ఎక్కి, గోదావరి పాయ వశిష్ఠ దాటి, నరసాపురం వెళ్ళి చదువుకున్నాను. పంటు నది మధ్యకు వచ్చేసరికి గాలికి ఓణీలన్నీ ఒక్కసారిగా లేచేవి. ఒక చేత్తో పుస్తకాలు, రెండో చేత్తో చెంగు పట్టుకుని, చివరికి ఆ చెంగును నడుముకు దోపుకుని, పక్కనున్న సైకిలుకు ఆనుకుని నిలబడేవాళ్ళం. జాకెట్టు చేతులకు భుజం దగ్గర బుట్ట, కింద పట్టీ, పట్టీకి నైలాను లేసు. గుడ్డ దాదాపు ఎప్పుడూ పాలిస్టరే. ముసురు పట్టిన శ్రావణంలో నూలు బట్ట రెండు రోజులకైనా ఆరదు, పాలిస్టరు రాత్రి ఉతికి వసారాలో వేస్తే తెల్లవారేసరికి సిద్ధం. పైగా గంజీ ఇస్త్రీ అక్కరలేదు. మా అమ్మ దాన్ని మెచ్చుకున్నది అందుకు, మేము మెచ్చుకున్నది మెరుపు చూసి.

ఇక తప్పు సంగతి. మా అన్నయ్య కూతురి పెళ్ళి వైశాఖంలో, కొబ్బరితోటలో వేసిన పందిట్లో జరిగింది. దానికోసం ట్రంకుపెట్టె తీసి, నాకు ఓణీ వేసినప్పుడు మేనమామ తెచ్చిన పట్టు పావడాను విప్పి చూస్తే, ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే మడత మీద ఉన్నందువల్ల మడత పడిన చోటల్లా పట్టు చీలిపోయి ఉంది. జరీ నల్లబడింది. అసలు జరీ అంటే పట్టు పోగుకు చుట్టిన వెండి తీగె, దాని మీద బంగారు పూత. పూత అరిగిన చోట గాలి తగిలి వెండి నల్లబడడం సహజమే గనుక అందులో వింతేమీ లేదు. (మీ దగ్గర ఇంకా బాగున్న పట్టుబట్ట ఏదైనా ఉంటే ఈ రోజే తీసి మడత మార్చి, పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి.) పావడా పనికిరాకపోయినా నా పట్టుదల తగ్గలేదు. అప్పటి జాకెట్టునే చేతులకు ఆదిగా ఇచ్చి, "అచ్చం ఇలాగే కావాలి" అని దర్జీకి చెప్పాను. గుడ్డ కూడా ఆనాటి మెరుపు కోసం వెతికి పాలిస్టరే కొన్నాను. బుట్ట నిలబడాలని ఆయన లోపల గట్టి నెట్టు పెట్టి కుట్టాడు. పెళ్ళిలో తాంబూలం అందుకోవడానికి చేతులు ఎత్తితే రెండు బుట్టలూ రెండు చెవులకు తగిలాయి. ఆ ఉక్కలో జాకెట్టు ఒంటికి అతుక్కుపోయి, మధ్యాహ్నానికల్లా చంకల కింద ఒరుసుకుని మంట పుట్టింది. నూలు తన బరువులో ఏడెనిమిది శాతం తేమను మామూలుగానే పీల్చుకుని ఉంటుంది, పాలిస్టరు అర శాతమైనా పీల్చుకోదు. పదిహేడేళ్ళప్పుడు ఈ తేడా ఎందుకు తెలియలేదో నాకిప్పటికీ అంతుపట్టదు, బహుశా తెలిసినా ఓర్చుకున్నామేమో.

నవ్వినవాళ్ళు లేకపోలేదు. అయితే మీరు భయపడుతున్నట్టు కుర్రవాళ్ళు నవ్వలేదు. వాళ్ళకు ఈ చేతులు ఆ ఏటి కొత్త ఫ్యాషను. నవ్వింది మా ఈడువాళ్ళే, అదీ తమ జాకెట్లు గుర్తొచ్చి. మా అమ్మ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "నీకు పెళ్ళికి ముందే ఆ చేతులు నప్పలేదే, అప్పుడూ చెప్తే విన్నావు కాదు" అంది.

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాక పాత ఫోటో తీసి చూశాను. మా అమ్మ అన్నది సగమే నిజం. అప్పుడు నా భుజాలు సన్నం, జబ్బలు పుల్లల్లా ఉండేవి, ఆ లోటును బుట్ట కప్పిపుచ్చింది. ఇప్పుడు భుజమూ జబ్బా వాటంతటవే నిండుగా ఉన్నాయి, వాటి మీద మళ్ళీ బుట్ట పెడితే మనిషి పక్కలకు పెరిగినట్టు కనిపిస్తుంది. అంటే నాకు కావలసింది ఆ కొలత కాదు, ఆ చేతిలో ఉన్న ఒక పోకడ. రెండోసారి వేరే దర్జీ దగ్గరకు వెళ్ళి, ఇప్పుడు వేసుకుంటున్న జాకెట్టునే ఆదిగా ఇచ్చాను. కుచ్చులు భుజం పైభాగంలో మూడంగుళాల మేరకే, సన్నగా, నెట్టు లేకుండా పెట్టమన్నాను. చెయ్యి మోచేతికి రెండంగుళాల పైన ఆపించి, పట్టీ బిగుతుగా కాక రెండు వేళ్ళు దూరేంత వదులుగా ఉంచమన్నాను. గుడ్డ మెత్తని నూలు. మామూలుగా ఎనభై సెంటీమీటర్ల ముక్క సరిపోయే నాకు దీనికి మీటరుంపావు పట్టింది, కనుక చీరతో వచ్చే జాకెట్టు ముక్క చాలుతుందని అనుకోకండి. మీద కట్టుకున్నది బండారులంక నేత చీర. బడికి ఆ జాకెట్టు ఇప్పటికి ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు.

ఇంకొక మార్పు కూడా చేశాను, నాకు అన్నిటికంటే తృప్తినిచ్చినది అదే. నరసాపురంలో పంటు దిగాక దారిలో మా పిన్ని ఇల్లు ఉండేది. ఆ వీధి అరుగుల మీద మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు కూర్చుని, చూపుడు వేలికి దారం చుట్టుకుని, సూది వంక చూడకుండానే కబుర్లు చెప్పుకుంటూ లేసు అల్లేవారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల వల్ల ఆ పట్టణానికి వచ్చిన పని అది. దారం ఇచ్చి అల్లిక పట్టుకుపోయే బేరగాళ్ళ చేతుల మీదుగా సరుకంతా విదేశాలకు పోయేది. పిన్ని ఏళ్ళ తరబడి అల్లింది గాని తన జాకెట్టుకు ఒక్క మూర కుట్టుకోగా నేను చూడలేదు. మా చేతులకు ఉన్న లేసేమో ఫ్యాన్సీ కొట్లో గజాల లెక్కన కొన్న నైలానుది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ ట్యాగు) వచ్చిందని పేపర్లో చదివినప్పుడు, పనిగట్టుకుని వెళ్ళి అల్లేవాళ్ళ దగ్గరే రెండు చేతులకు సరిపడా అంచు కొని తెచ్చుకున్నాను. కనుక నా జాకెట్టు చేయి 1987 నాటిది, దాని చివరనున్న లేసు 1987లో మాకు అందనిది.

ఓణీ సంగతి అడిగారు. పెళ్ళయిన ఆడది ఓణీ వేయకూడదన్న పాత పట్టింపును నేను లెక్కచేయను, ఇంట్లో పండగ పూట వేసుకుంటే అడిగేవారూ లేరు. నేను వేసుకోకపోవడానికి కారణం వేరు: రెండున్నర మీటర్ల ఓణీ నడుమును కప్పదు, రోజంతా సర్దుకుంటూ ఉండాలి, లంగా బొందు బిగించి కడితే సాయంత్రానికి నడుం మీద గాడి పడుతుంది. అందుకు బదులు కుచ్చిళ్ళ సగం ఒక రంగు, పైట సగం మరో రంగు ఉండే హాఫ్ అండ్ హాఫ్ చీర కట్టి చూడండి. పది అడుగుల దూరం నుంచి లంగా ఓణీలాగే కనిపిస్తుంది, కట్టుకున్నవాళ్ళకు చీర నిబ్బరం ఉంటుంది. ఈ చీర కట్టిన రోజున రెండు జడలూ రిబ్బన్లూ మాత్రం కలపవద్దు. పాతది ఒంటి మీద ఒక్కటి ఉంటే అది ముచ్చట, మూడు ఉంటే బడి వార్షికోత్సవంలో వేషం.

చేతి అల్లిక లేసు కొంటే, కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన పరిచి ఆరబెట్టండి. నూలు లేసు మొదటి తడుపుకే కురచవుతుంది. నేను ఆత్రంకొద్దీ నేరుగా కుట్టించేసరికి మొదటి ఉతుకులోనే చేతి అంచు ముడుచుకుపోయింది, కుట్లన్నీ విప్పించి మళ్ళీ వేయించాల్సి వచ్చింది.