అర్ధరాత్రి ఎర్రదీపం

ప్రశ్న: మారతహళ్లిలో ఉంటున్నాను. రాత్రి పన్నెండు దాటాక ఖాళీ కూడలిలో ఎర్రదీపం ఉండగానే బైక్ మీద దాటేశాను. కెమెరా ఫొటోతో చలానా వచ్చింది. 500 రూపాయలు కడితే సరిపోతుందా, లైసెన్సుకు ముప్పుందా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: సాధారణంగా ఆ మొత్తం కడితే చలానా ముగుస్తుంది. అయితే మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్, 2019 సవరణ తర్వాత, ఎర్రదీపం దాటడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చింది కనుక, ఆ సెక్షన్ కింద నేరం రుజువైతే మొదటిసారే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రహదారి భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు సూచించింది. మీ వల్ల ఎవరైనా మరణిస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు శిక్ష ఉంటుంది.

ఇక 'ఖాళీ కూడలి' అన్న మాట. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు సాగుతుంది. పచ్చదీపాన్ని నమ్మి అడ్డంగా వచ్చే క్యాబ్ డ్రైవరు మిమ్మల్ని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే ఆ దూరం అయిపోతుంది. కారు పక్కభాగానికే రక్షణ తక్కువంటారు, బైక్ మీద ఉన్నవారికి మోకాలే బంపరు.