గ్యారేజీలో బకెట్లు దాచుకున్న మనిషి గురించి

డాలస్

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది, అందులో వంక పెట్టడానికేం లేదు. నాకు పేచీ అంతా ఆ పక్కింటి టెక్సాస్ పెద్దాయనతోనే. మొదటి పేజీలోనే ఆయన్ని వెర్రివాడని తేల్చేశావు. టోపీ, తుపాకీ, గ్యారేజీ నిండా నిల్వ తిండి బకెట్లు, పొద్దస్తమానం మోగే టాక్ రేడియో. చివర్లో కోవిడ్‌తో చంపేశావు. చదివేవాడు "తగిన శాస్తి జరిగింది" అనుకుని పుస్తకం మూసేస్తాడు. నన్ను మాస్టారూ అని పిలిచావు గనుక మొహమాటం లేకుండా చెప్తున్నాను: ఆయన ఎక్కడ కరెక్టో ముందు అది రాయి.

ఎబోలా రోజులు గుర్తు చేసుకో. 2014 సెప్టెంబరులో లైబీరియా నుంచి మన ఊరికొచ్చిన థామస్ ఎరిక్ డంకన్ జ్వరంతో ఆసుపత్రికి వెళ్లాడు. ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పినా యాంటీబయాటిక్స్ రాసిచ్చి ఇంటికి పంపేశారు. మూడు రోజులకి అంబులెన్సులో మళ్లీ వచ్చాడు, అక్టోబరు 8న పోయాడు. ఎబోలాని అదుపు చేస్తాం, అనుమానం అక్కర్లేదని, అంటురోగాల సంగతి చూసే కేంద్ర సంస్థ సీడీసీ డైరెక్టర్ టామ్ ఫ్రీడెన్ అప్పటికే చెప్పి ఉన్నారు. ఆ తర్వాత డంకన్‌ని చూసుకున్న ఇద్దరు నర్సులకు జబ్బు అంటుకుంది. వాళ్లలో ఒకామె ఒళ్లు కాస్త వెచ్చగా ఉందని సీడీసీకి ఫోన్ చేసింది. ప్రయాణం వద్దని ఎవరూ అనలేదు. క్లీవ్‌లాండ్ నుంచి విమానమెక్కి వచ్చింది. అసలు ఎక్కకుండా ఉండాల్సిందని తర్వాత ఫ్రీడెనే అన్నారు. ఆ వారమంతా రేడియో విన్న మనిషిని పిచ్చివాడంటే ఎలా?

ఇద్దరు నర్సులూ కోలుకున్నారు. అమెరికాలో ఇంకెవరికీ అంటలేదు. ఫ్రీడెన్ అన్నట్టే ఆగింది. కానీ ఆగిపోయిన జబ్బు గురించి రేడియోలో గంటసేపు ఏం మాట్లాడతారు?

ఇప్పుడు 2020కి రా. వూహాన్ వార్తలు చూసి జనవరిలోనే ఎన్95 మాస్కులు కొనిపెట్టుకున్న ప్రెప్పర్లు, అంటే ఆపద కోసం ముందే సరుకు నిల్వ చేసుకునేవాళ్లు, ఉన్నారు. ఫిబ్రవరి 29న ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టరు, సర్జన్ జనరల్ జెరోమ్ ఆడమ్స్, మాస్కులు కొనడం ఆపండి, మామూలు జనానికి వాటితో ఉపయోగం లేదని ట్వీట్ చేశారు. ఏప్రిల్ 3న సీడీసీ, బయటికెళ్తే ముఖానికి గుడ్డ కట్టుకోండంది. నడుమ ఐదు వారాలు. నువ్వు ఐసీయూలో పేజీలకు పేజీలు గడిపావు గానీ, నీ కథంతా ఆ ఐదు వారాల్లోనే ఉంది.

మరి జనవరిలో మాస్కులు కొన్న నీ పెద్దాయనే ఎండాకాలం వచ్చేసరికి మాస్కు పెట్టుకోనని ఎందుకు మొండికేశాడు? 2014లో గవర్నమెంటు ప్రమాదాన్ని దాస్తోందన్న రేడియో, 2020లో అదే గవర్నమెంటు గోరంతలు కొండంతలు చేస్తోందంది. ఫిబ్రవరి 24న రైట్‌వింగ్ టాక్ రేడియో హోస్టు రష్ లింబా ఇది మామూలు జలుబేనన్నాడు. అంచనా తలకిందులైనా అపనమ్మకం మాత్రం అంగుళం కదల్లేదు. పైగా అప్పుడు ప్రెసిడెంటు నీ పెద్దాయన ఓటేసిన మనిషే! ఆయన్ని నమ్ముతాడు, ఆయన కింద పనిచేసే సీడీసీని నమ్మడు. ఈ చిక్కుముడిని నువ్వు ముట్టుకోనే లేదు.

రేడియో సంగతి కూడా చెప్పాలి. నీ హోస్టు ఊరికే అరుస్తాడు. ఒట్టి అరుపుల్ని రోజుకు మూడు గంటలు ఎవరు వింటారమ్మా? వివాదమున్న విషయంలో రెండో పక్షం మాటకూ చోటివ్వాలన్న ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అనే నియమాన్ని 1987లో రేడియో, టీవీలను నియంత్రించే ఎఫ్‌సీసీ ఎత్తేసింది. మరుసటి ఏడే లింబా షో దేశమంతా వినిపించడం మొదలైంది. ఆ గొంతుల్లో చనువుంటుంది, వెటకారముంటుంది, నవ్వుంటుంది. ఒంటరిగా కారు నడుపుకునేవాడికి పక్క సీట్లో స్నేహితుడు కూర్చున్నట్టే. "ఎన్నో ఏళ్లుగా వింటున్నా, ఫోన్ చేయడం ఇదే మొదటిసారి" అని ఒకాయన లైన్లోకొస్తాడు. ఆయన ఏం మాట్లాడతాడో లోపల ఒకరు ముందే అడిగి తెలుసుకుని ఉంటారు. ఆ వెంటనే హోస్టే, అదే గొంతుతో, యాడ్ చదువుతాడు: బంగారు నాణేలు, వాటర్ ఫిల్టరు, పాతికేళ్లు నిల్వ ఉండే భోజనం. భయం ఎక్కడ ఆగిందో, బేరం ఎక్కడ మొదలైందో తెలీదు. ఆస్టిన్ నుంచి మాట్లాడే కుట్ర సిద్ధాంతాల హోస్టు అలెక్స్ జోన్స్ ఏకంగా సొంత సరుకే అమ్ముకుంటాడు. వెండి కలిపిన టూత్‌పేస్టు కరోనాకు పనిచేస్తుందని చెప్పుకుంటే 2020 మార్చిలో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆపమని నోటీసిచ్చారు, ఏప్రిల్లో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. నీ కథలో ఒక్క యాడ్ కూడా లేదేం?

హోస్టుల్లోనూ అందరూ ఒక్క తీరు కాదు. నాష్‌విల్‌లో ఫిల్ వాలెంటైన్ వ్యాక్సీన్ మీద పేరడీ పాట కట్టాడు, తనకు ముప్పు తక్కువని వేసుకోలేదు. ముప్పున్నవాళ్లు వేసుకోవాలని మాత్రం అన్నాడు. 2021 ఆగస్టులో కోవిడ్‌తోనే పోయాడు. వ్యాక్సీన్ పక్షాన ఇంకా గట్టిగా మాట్లాడి ఉండాల్సిందని ఆయన బాధపడుతున్నట్టు, ఆసుపత్రిలో ఉండగా ఇంట్లోవాళ్లు తెలియజేశారు. వ్యాక్సీన్‌కి తాను వ్యతిరేకినేం కాదన్నది కూడా ఆ మాటల్లో ఉంది. మనిషి అంటే అంత మెలిక ఉంటుంది.

గ్యారేజీలో ఒక్క బకెట్ మూతైనా తెరిచి చూపించు. లోపల గాలి చొరని వెండిరంగు మైలార్ సంచులు, సంచిలో ఆక్సిజన్‌ని పీల్చుకునే చిన్న పొట్లం, బంగాళాదుంప పొడి, చీజ్ పొడి. మరిగే నీళ్లు పోసి కాసేపు మూత పెడితే భోజనం, కాస్త ఉప్పు ఎక్కువ. భార్య పోయిన మనిషి నలుగురికి ఏడాది సరిపడా కొన్నాడని రాశావు. ఎవరొస్తారని కొన్నాడు? ఆ ప్రశ్న నీకు తట్టలేదంటే ఆశ్చర్యంగా ఉంది. మనం మాత్రం తక్కువ తిన్నామా? 2020 మార్చిలో ఇండియన్ స్టోర్లలో బియ్యం బస్తాలకోసం ఎగబడ్డవాళ్లమే. ఏడాది బియ్యం, ఏడాది ఆవకాయ ఒకేసారి ఇంట్లో పడితేగానీ నిద్రపట్టని వాళ్ల మనవలం. నీ కథ చెప్పే అమ్మాయికి ఆయన్ని చూస్తే వాళ్ల నానమ్మ గుర్తుకు రాకపోవడం నాకు మింగుడుపడలేదు.

నువ్వు వదిలేసిన రోజులు ఇంకొన్ని ఉన్నాయి. 2021 ఫిబ్రవరి చలికి టెక్సాస్‌లో కరెంటు పోయింది, పైపులు పగిలాయి. 246 మంది చనిపోయారని రాష్ట్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఆ రాత్రి వీధిలో నీళ్లూ స్టవ్వూ ఉన్నది నీ పెద్దాయన దగ్గరే. నీ కథ చెప్పే అమ్మాయి ఆయన ఇచ్చిన నీళ్లు తీసుకోవాలి. అరవై అయిదు దాటినవాళ్లకి అప్పటికే వ్యాక్సీన్ ఇస్తున్నారు కాబట్టి, కరెంటు వచ్చాక రమ్మని, తాను తీసుకెళ్తానని అడగాలి. ఆయన రానంటాడు. చెప్పే కారణాల్లో సగం నిజాలుండాలి, డంకన్ సంగతి, మాస్కుల సంగతి. ఆ సగానికి ఆమె జవాబు తడుముకోవాలి.

ముందు ఆ సీను ఒక్కటే రాసి పంపు. ఆయన్ని చంపాలా వద్దా తర్వాత చూద్దాం. పండక్కి హ్యూస్టన్ వెళ్తున్నాం, తిరిగొచ్చాక చదువుతాను.

మీ మాస్టారు