ఆటలో మాట, ఇంట్లో మౌనం

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు, అమ్మాయికి పద్నాలుగు. ఇంట్లో ఏమడిగినా అబ్బాయి ముక్తసరిగా బదులిచ్చి ఊరుకుంటాడు. హెడ్‌సెట్ పెట్టుకుని ఆన్‌లైన్ గేమ్ మొదలుపెడితే మాత్రం స్నేహితులతో ఆగకుండా మాట్లాడతాడు. ఇంట్లో గలగలా మాట్లాడే అమ్మాయి అదే గేమ్‌లో మైక్ ఆపేసి ఆడుతుంది. ఆడపిల్లల తీరు, మగపిల్లల తీరు పుట్టుకతోనే వేరని సరిపెట్టుకోవాలా? అసలు ఈ ఆటల వల్ల మేలేమైనా ఉందా? - ఒక తల్లి

జవాబు: సరిపెట్టుకోవద్దు. ఆడవాళ్లు ఎక్కువగా, మగవాళ్లు తక్కువగా మాట్లాడతారన్న నమ్మకం బలమైనదే కానీ, 396 మంది కళాశాల విద్యార్థుల మాటలను చిన్న రికార్డర్లతో నమోదు చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో ఇరువురూ రోజుకు సుమారు 16 వేల పదాలే పలికినట్లు తేలింది. ఎంత మాట్లాడతారన్న దానికన్నా ఎక్కడ, ఎవరితో, ఏం చేస్తూ మాట్లాడతారన్నదే మీ ఇంటి విషయంలో ముఖ్యం.

స్నేహితుల సంభాషణలను వీడియోల్లో పరిశీలించిన భాషా శాస్త్రవేత్త డెబొరా టానెన్, అమ్మాయిలు ఎదురెదురుగా కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూస్తూ మాట్లాడుకోవడాన్నీ, అబ్బాయిలు పక్కపక్కన కూర్చుని చూపు వేరే చోట నిలిపి మాట్లాడుకోవడాన్నీ గమనించారు. అందరూ ఇలాగే ఉంటారని కాదు. అయినా మీ అబ్బాయికి గేమ్ సరిగ్గా అలాంటి చోటునే ఇస్తోందని నాకనిపిస్తోంది. చూపు తెర మీద, చేతిలో పని ఉన్నప్పుడు మనసులోని మాట పైకి రావడం చాలామందికి తేలిక. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయకుండా, అతను ఆడుతున్నప్పుడు అప్పుడప్పుడు పక్కన కూర్చుని ఆట గురించి చెప్పమనండి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మీ అమ్మాయి మౌనం. హేలో 3 అనే గేమ్‌లో పరిశోధకులు ముందే రికార్డు చేసిన ఒకే రకం మాటలను మగ గొంతుతోనూ ఆడ గొంతుతోనూ వినిపించగా, ఆడ గొంతుకు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా దురుసు వ్యాఖ్యలు ఎదురయ్యాయని 2013లో వెల్లడించారు. మీ అమ్మాయికి కూడా అలాంటి అనుభవమే ఎదురై ఉండవచ్చు. గేమ్ మానెయ్యమంటారేమోనన్న భయంతో పిల్లలు ఇలాంటివి దాచుకుంటారు కనుక, మానిపించనని ముందుగా మాట ఇచ్చి అడగండి.

మానిపిస్తే ఆమెకు నష్టమే. టొరంటో పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో, వేగంగా సాగే యాక్షన్ గేమ్‌ను మొత్తం 10 గంటలు ఆడినవారిలో చూపు పరిధిలో పలుచోట్ల ఉన్నవాటిని ఒకేసారి గమనించే శక్తి, వస్తువులను మనసులోనే తిప్పి చూడగల నేర్పు మెరుగయ్యాయి. పురుషులకన్నా స్త్రీలు ఎక్కువ లాభపడటంతో ఇరువురి మధ్య తేడా తగ్గింది. ఇదే ప్రయోగంలో నెమ్మదిగా సాగే పజిల్ గేమ్ ఆడినవారిలో ఆ మార్పు కనిపించలేదు. అంటే అన్ని గేమ్‌లూ ఒకే మేలు చేయవు, పైగా దీనివల్ల పరీక్షల్లో మార్కులు పెరుగుతాయని ఆశించకూడదు.

ఆటపై అదుపు తప్పడం, నిద్ర, చదువుకన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం తెలిసీ మానలేకపోవడం ఏడాదిపాటు కొనసాగితే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగా పరిగణిస్తుంది. మీరు రాసినదాంట్లో ఆ సూచనలేవీ లేవు.

దురుసుగా మాట్లాడేవారిని మ్యూట్ చేయడం, బ్లాక్ చేయడం, ఫిర్యాదు చేయడం అమ్మాయికి నేర్పించండి. తెలిసినవారితోనే జట్టు కట్టి మైక్ వాడమనండి. అబ్బాయితోనూ మాట్లాడండి. తన జట్టులో ఎవరైనా ఒక అమ్మాయిని కించపరిస్తే, అదే హెడ్‌సెట్‌లోంచి "ఆపు" అని అప్పటికప్పుడు చెప్పవలసినవారిలో అతనూ ఒకడు.