బడి పాతపట్నంలో, ఇల్లు పర్లాకిమిడిలో: నవోదయ సీటు ఎందుకు ఆగింది?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. తెలుగువాళ్లం. బాబును ఒకటో తరగతి నుంచి సరిహద్దు అవతల పాతపట్నం మండలంలో మా అత్తగారి ఊరి సర్కారు బడిలో చదివించాం. శ్రీకాకుళం జిల్లా నవోదయలో ఆరో తరగతికి ఎంపికయ్యాడు. తీరా కాగితాలు చూసి, మా ఆధార్, రేషన్ కార్డు ఒడిశావని సీటు కుదరదన్నారు. సరిహద్దులో పుట్టడమే మావాడి తప్పా? న్యాయం చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో మూడు పేజీలు 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన సంగతి, మాతృభాషలో చదువుకునే హక్కు, బాబు అన్నం మానేసిన సంగతి. వీటిలో ఏదీ కేసును తేల్చదు. ప్రాథమిక తరగతుల్లో మాతృభాషా బోధన గురించి చెప్పే రాజ్యాంగం 350-ఎ అధికరణం పర్లాకిమిడిలో తెలుగు టీచరు కావాలని అడగడానికి పనికొస్తుంది, నవోదయ సీటుకు కాదు.

నవోదయ నిబంధన సూటిగా ఉంది. ఏ జిల్లా విద్యాలయంలో సీటు అడుగుతున్నారో ఐదో తరగతి ఏడాదంతా ఆ జిల్లాలోనే చదవాలి, నివాసమూ అక్కడే ఉండాలి. చేరేటప్పుడు తల్లి లేదా తండ్రి నివాసానికి రుజువు చూపాలి. మీ వాడికి చదువు ఒక జిల్లాలో, కాగితాల మీద ఇల్లు మరో జిల్లాలో. ఆ లెక్కన గజపతి జిల్లా నవోదయకూ అర్హుడు కాడు. దరఖాస్తు పెట్టేముందు ఆ షరతు చదివి ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు. ప్రాస్పెక్టస్ చదవకుండా ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడి చేత ఫారం నింపించి, ఇప్పుడు న్యాయం అడుగుతున్నారు.

అయితే చివరి పేజీలో, దారిన పోతూ అన్నట్టు ఒక మాట రాశారు: 'నా భార్య బాబును చూసుకుంటూ వాళ్లమ్మ దగ్గరే ఉండేది, ఆదివారాలు ఇంటికి వచ్చేది.' మీ కేసంతా ఈ వాక్యంలోనే ఉంది. బాబు ఐదో తరగతి చదివిన ఏడాది తల్లి నిజంగా శ్రీకాకుళం జిల్లాలో కాపురం ఉందా? ఉంటే అడగడానికి మీకు ఆధారం ఉంది. అయితే దానికి సాక్ష్యం కావాలి, మీ మాట సరిపోదు.

ఆమె ఆ ఊళ్లో డ్వాక్రా సంఘంలో ఉంటే పొదుపు పుస్తకం తీయండి. ఆ ఏడాది పీహెచ్‌సీలో చూపించుకున్న చీటీలు, అక్కడి బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు, బడిలో తల్లిదండ్రుల సమావేశం రిజిస్టరులో ఆమె సంతకం, అడ్మిషన్ రిజిస్టరులో రాసిన చిరునామా... తేదీ ఉన్న ప్రతి కాగితమూ పనికొస్తుంది. సర్పంచి ఇప్పుడు రాసిచ్చే లేఖకు పెద్ద విలువ లేదు. అడిగిన వాళ్లందరికీ రాసిస్తారని అధికారులకూ తెలుసు.

మీ బావమరిది చెప్పిన ఉపాయం గురించి. వెనక తేదీ వేసి తహసీల్దారు ముద్రతో నివాస పత్రం తెప్పిస్తానన్నారట. ఆ పని చేశారో, సీటు పోవడం చిన్న విషయమవుతుంది. మోసగించడానికి ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 336(3) కింద ఏడేళ్ల దాకా జైలు. ఆ పత్రం దొంగదని తెలిసీ వాడిన మీకు 340(2) కింద అదే శిక్ష. ఇప్పుడు హడావుడిగా ఆధార్‌లో చిరునామా మార్చుకున్నా లాభం లేదు, ఎప్పుడు మార్చారో అప్‌డేట్ హిస్టరీలో కనిపిస్తుంది.

సాక్ష్యం ఉంటే ఈ వారమే కదలండి. మీకు సీటు లేదని నోటితో చెప్పారు, చేతిలో కాగితం లేదు. నోటిమాట మీద హైకోర్టులో రిట్ (అధికారుల నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్) నడపడం కష్టం. ఆధారాలు జతచేసి ప్రిన్సిపాల్‌కు వినతిపత్రం ఇచ్చి, రాతపూర్వకంగా జవాబు అడగండి. ఒక ప్రతి కలెక్టరుకు, ఇంకొకటి నవోదయ సమితి హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఒడిశా భోపాల్ ప్రాంతం కిందికి వస్తుంది, అక్కడికి రాస్తే రోజులు వృథా. మీ భార్య పేరున నివాస పత్రానికి ఆ ఊరి సచివాలయంలో దరఖాస్తు చేసి, నిజం చెప్పి, విచారణ జరగనివ్వండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కూర్చోవద్దు. దాని జవాబుకు 30 రోజుల గడువు, ఈలోగా వెయిటింగ్ లిస్టులో పిల్లవాడు మీ సీట్లో చేరిపోతాడు. తిరస్కరణ కాగితం వస్తే వెళ్లాల్సింది అమరావతిలోని హైకోర్టుకు, కటక్‌కు కాదు. రిట్‌కు లిమిటేషన్ చట్టంలో గడువు లేకపోయినా, సీట్లు నిండాక వెళ్తే 'ఇన్నాళ్లు ఏం చేశారు' అన్నదే మొదటి ప్రశ్న.

తల్లి అక్కడ ఉన్నమాట నిజం కాకపోతే ఈ సీటు వదిలేయండి. ఆరో తరగతి పరీక్ష రెండోసారి రాయనివ్వరు కానీ, తొమ్మిదో తరగతిలో ఖాళీలకు వేరే పరీక్ష ఉంది. దానికీ ఎనిమిది చదివిన జిల్లా, నివాసం ఒకటే కావాలి. ఏ జిల్లాలో ఉంటారో అప్పటిలోగా తేల్చుకోండి.

ఈ తగాదా నడిచినన్నాళ్లూ బాబును ఇంట్లో కూర్చోబెట్టవద్దు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం వేరే రాష్ట్రంలోని సర్కారు బడికైనా మారే హక్కు వాడికి ఉంది, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. రేపే ఆరులో చేర్పించండి. మీ పాప మూడో తరగతి అన్నారు. ఆమె కాగితాలైనా నాలుగులో ఉండగానే ఒక జిల్లాకు తెచ్చిపెట్టుకోండి.